స్క్రిప్ట్ రాయడానికి ఏ సాఫ్ట్‌వేర్? ముందు అందులో ‘వస్తడు’ అని టైప్ చేసి చూడండి

“25 వేలలోపు ఏ ఫోన్ కొనాలి?” అనే ప్రశ్న తర్వాత ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్నది ఇంకోటి ఉంది. “షార్ట్ ఫిల్మ్ స్క్రిప్ట్ రాయాలి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? ఫైనల్ డ్రాఫ్ట్ తప్పనిసరా?” నేను ఉండేది విద్యానగర్. ఎన్‌సీసీ గేటు దాటి, ఉస్మానియా క్యాంపస్‌లోంచి తార్నాక వెళ్లే దారిలో ఏ ఆదివారం పొద్దున చూసినా ఒక మిర్రర్‌లెస్ కెమెరా, ఒక ట్రైపాడ్, దాని చుట్టూ నలుగురైదుగురు కుర్రాళ్లు, అమ్మాయిలు కనిపిస్తారు. కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. కాకపోతే దీనికి యూట్యూబ్‌లో దొరికే జవాబులు చాలావరకు ఇంగ్లిష్ స్క్రిప్ట్ రాసేవాళ్ల కోసం చెప్పినవి. తెలుగులో రాసేవాళ్లకు లెక్క వేరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తెలుగు స్క్రిప్ట్‌కు సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు ఫీచర్ల లిస్టు తర్వాత చూడొచ్చు. మీ డైలాగు మీరు అన్నట్టే, తెలుగు లిపిలో, పాడవకుండా అందులోకి వెళ్లి మళ్లీ అలాగే బయటికి వస్తుందా లేదా అన్నది మొదట చూడాలి. ఈ ఒక్క పరీక్షలో ఫెయిలైన సాఫ్ట్‌వేర్ హాలీవుడ్ మొత్తం వాడినా మనకు పనికిరాదు.

250 డాలర్లు దేనికి?

ఫైనల్ డ్రాఫ్ట్ మంచి సాఫ్ట్‌వేరే, అందులో నాకు అనుమానం లేదు. 1990ల నుంచి హాలీవుడ్‌లో అదే ప్రమాణంగా నడుస్తోంది. పూర్తి ధర 250 డాలర్ల చుట్టుపక్కల, అంటే మన డబ్బుల్లో 20 వేలకు పైనే. విద్యార్థులకు డిస్కౌంట్ ఉంటుంది, అయినా తక్కువేం కాదు. ఆ డబ్బుకు ఒక మిడ్‌రేంజ్ ఫోన్ వస్తుంది. లేదా ఒక వైర్‌లెస్ మైక్, రెండు ఎల్‌ఈడీ లైట్లు, యూనిట్ అందరికీ నాలుగు రోజుల బిర్యానీ వస్తాయి. మొదటి షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లకు మైక్ వల్ల కలిగే లాభం ఏ సాఫ్ట్‌వేర్ వల్లా కలగదు.

ఇంతకీ ఆ 250 డాలర్లకు ఏమిస్తారు? సీన్ హెడింగ్, యాక్షన్, పాత్ర పేరు, డైలాగు... వీటిని ట్యాబ్, ఎంటర్ నొక్కితే చాలు, వాటి వాటి మార్జిన్లలో పెట్టేస్తుంది. సీన్ నంబర్లు, రివిజన్ రంగులు, ఏ పాత్రకు ఎన్ని డైలాగులు అనే రిపోర్టులు ఇస్తుంది. పెద్ద యూనిట్‌లో, స్క్రిప్ట్ ఇరవైసార్లు మారే చోట, ఇవి నిజంగా పనికొస్తాయి. నలుగురు ఫ్రెండ్స్ కలిసి 12 నిమిషాల సినిమా తీసే చోట వీటిలో చాలావాటిని మీరు ముట్టుకోను కూడా ముట్టుకోరు.

టెలిగ్రామ్‌లో దొరికే క్రాక్ వెర్షన్ గురించి కూడా ఒక మాట. దాంతో వైరస్ వస్తుందన్న భయం ఒకటైతే, అప్‌డేట్లు రాకపోవడం ఇంకోటి. పాత వెర్షన్‌లో తెలుగు అక్షరాలు విరిగిపోతుంటే దాన్ని బాగుచేసే దారే ఉండదు. ఉచితంగా, న్యాయంగా దొరికేవి ఇన్ని ఉండగా ఆ తలనొప్పి ఎందుకు?

గదిలోనా, గడిలోనా?

మనవాళ్లు స్క్రిప్ట్ ఎలా రాస్తున్నారో గమనించండి. సీన్ హెడింగ్ ఇంగ్లిష్, యాక్షన్ ఇంగ్లిష్, డైలాగు మాత్రం తెలుగు. కానీ ఆ తెలుగు కూడా ఇంగ్లిష్ అక్షరాల్లోనే, వాట్సాప్‌లో చాట్ చేసినట్టు. ఎందుకంటే యాప్ డిఫాల్ట్‌గా అలా రాయమనే చెబుతుంది. తెలుగు కీబోర్డు మార్చుకోవడం ఒక పని, తెలుగు పెడితే ఫాంట్ సరిగ్గా కనిపించదేమో అన్న అనుమానం ఇంకోటి. చివరికి “అర్థమైతే చాలు కదా” అనుకుంటారు.

అర్థమవుతుందా? ఇంగ్లిష్ అక్షరాల్లో జి, ఏ, డి, ఐ అని టైప్ చేశారనుకోండి. అది ‘గది’ కావచ్చు, ‘గడి’ కావచ్చు. “దొర గడిల ఉన్నడు” అంటే కోటలాంటి ఇల్లు, దాని చుట్టూ ఊరి భయం, ఒక చరిత్ర. “దొర గదిల ఉన్నడు” అంటే పక్క రూములో ఉన్నాడని. తెలంగాణ పల్లె కథ రాస్తూ ఈ రెండిటికీ ఒకే స్పెల్లింగ్ వాడితే, చదివే నటుడు దేన్ని పట్టుకోవాలి? పాట, పాత... కల, కళ... నది, నాడి, నాది... లిస్టు మీరే పొడిగించుకోవచ్చు.

దీనికన్నా పెద్ద నష్టం యాసకు జరుగుతుంది. ‘వస్తాడు’ అనేది ఒక ప్రాంతం, ‘వస్తడు’ అనేది ఇంకో ప్రాంతం. ‘ఉన్నాడు’, ‘ఉన్నడు’ కూడా అంతే. రెంటికీ తేడా ఒక్క దీర్ఘం. వాట్సాప్ ఇంగ్లిష్‌లో రెండూ ఒకేలా ఉంటాయి. మీ పాత్రది జనగామో, జగిత్యాలో, భీమవరమో చెప్పే గుర్తు ఆ ఒక్క దీర్ఘంలో ఉంది, స్పెల్లింగ్‌లో అదే ఎగిరిపోయింది. ఆ పేపర్ చూసి డబ్బింగ్ చెప్పే మనిషి తనకు అలవాటైన మాటే పలుకుతాడు. తర్వాత ఎడిటింగ్ టేబుల్ దగ్గర “యాస కుదర్లేదు రా” అని తల పట్టుకుంటే తప్పు ఆ మనిషిది కాదు, పేపర్‌ది.

యాస చిన్న విషయం అనుకుంటే, 2017లో ‘ఫిదా’లో భానుమతి మాటలు గుర్తుచేసుకోండి. తెలుగు మాతృభాష కాని సాయిపల్లవి ఆ పాత్రకు తనే డబ్బింగ్ చెప్పుకుంది. 2019లో ‘మల్లేశం’, 2023లో ‘బలగం’ మాటల మీదే నిలబడ్డాయి. ఆ మాటల్లోంచి దీర్ఘాలు, వత్తులు తీసేసి చూడండి, ఏం మిగులుతుంది?

రెండో వైపు కూడా చెప్పాలి. ఇంగ్లిష్ అక్షరాల స్క్రిప్ట్ అవసరం నిజంగానే ఉంది. కెమెరామన్ కేరళ నుంచి వస్తాడు, హీరోయిన్ ముంబై నుంచి వస్తుంది. ఇంగ్లిష్ మీడియంలో చదివిన మన పిల్లల్లోనే చాలామంది తెలుగు తడుముకుంటూ చదువుతారు. వాళ్లకు ఆ కాపీ ఇవ్వాల్సిందే. కానీ అసలు ప్రతి తెలుగులో ఉంటే, దాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లోకి అక్షరముఖ లాంటి టూల్ నిమిషంలో మార్చేస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల నుంచి తెలుగులోకి వెనక్కి రావడం మాత్రం యంత్రానికి ఊహ. గదో గడో దానికి తెలీదు. తెలుగు నుంచి అటు వెళ్లడం తేలిక, అటు నుంచి ఇటు రావడం కష్టం. అందుకే మొదటి ప్రతి తెలుగులోనే ఉండాలి.

పేజీకి నిమిషం లెక్క మనకు కుదరదు

స్క్రీన్‌ప్లే పాఠాల్లో మొదట చెప్పేది ‘ఒక పేజీ అంటే ఒక నిమిషం’ అని. ఈ లెక్క వెనక ఉన్నది కొరియర్ అనే ఫాంట్. 1950ల్లో ఐబీఎం టైప్‌రైటర్ల కోసం తయారైంది. 12 పాయింట్ సైజులో అంగుళానికి సరిగ్గా పది అక్షరాలు, అన్నిటికీ ఒకే వెడల్పు. ఆ ఫాంట్, ఆ మార్జిన్లు, అమెరికన్ లెటర్ సైజు కాగితం, ఇవన్నీ కలిస్తే పేజీకి సుమారు నిమిషం వస్తుందని అక్కడివాళ్ల అనుభవం.

కొరియర్‌లో తెలుగు అక్షరాలు లేవు. మీరు కొరియర్ ఎంచుకుని తెలుగు టైప్ చేస్తే సిస్టమ్ దగ్గరున్న వేరే ఫాంట్ తెచ్చి పెడుతుంది. కొత్త విండోస్ అయితే సాధారణంగా నిర్మల, ఆండ్రాయిడ్ అయితే నోటో, మ్యాక్ అయితే దాని సొంత తెలుగు ఫాంట్. ‘ర’ వెడల్పు వేరు, ‘క్ష్మ’ వెడల్పు వేరు. పైన గుడి, కింద వత్తు పడాలి కాబట్టి లైన్ల మధ్య ఖాళీ కూడా పెరుగుతుంది. అందుకే ఒకే స్క్రిప్ట్ మీ ల్యాప్‌టాప్‌లో 14 పేజీలు, మీ ఫ్రెండ్ మ్యాక్‌లో 17 పేజీలు అవుతుంది. ఇది బగ్ కాదు, లిపి స్వభావం.

ఏం చేయాలి? పేజీలు లెక్కపెట్టడం మానేసి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని సీన్ పైకి చదవండి. పాత్ర మౌనంగా నడిచే చోట మీరూ మనసులో నడవండి. ఆ టైమ్ సీన్ పక్కన రాసుకోండి. ఎలాగూ మన దగ్గర కథ వినిపించే అలవాటు ఉంది కాబట్టి ఇది కొత్తగా నేర్చుకునే పని కూడా కాదు. ఇంకో చిన్న విషయం: ఈ సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో పేజీ సైజు డిఫాల్ట్‌గా అమెరికన్ లెటర్ ఉంటుంది. మన జిరాక్స్ షాపుల్లో దొరికేది ఏ4. సెట్టింగ్స్‌లో మార్చుకోకపోతే ప్రింట్‌లో మార్జిన్లు అటూ ఇటూ అవుతాయి.

అసలు ఆ సెంటర్ డైలాగు ఫార్మాటే తప్పనిసరి కాదు. మన సినిమాల్లో చాలాకాలంగా నడిచిన పద్ధతి ఇంకోటి ఉంది. పేజీని నిలువునా రెండు భాగాలు చేసి, ఎడమవైపు దృశ్యం, కుడివైపు మాటలు రాయడం. అసిస్టెంట్ డైరెక్టర్ ప్రాంప్టింగ్ చెప్పడానికి అది చాలా సుఖం, కుడివైపు మాత్రం చూసుకుంటూ పోతే చాలు. గూగుల్ డాక్స్‌లో రెండు గడుల టేబుల్ పెడితే అదే వచ్చేస్తుంది. తెలుగు శుభ్రంగా కనిపిస్తుంది, నలుగురూ ఒకేసారి రాయొచ్చు, పాత వెర్షన్ వెనక్కి తెచ్చుకోవచ్చు. దాన్ని చిన్నచూపు చూడాల్సిన పనిలేదు.

క్యాపిటల్ లెటర్లు లేని భాషకు ఫౌంటెన్

నాకు బాగా నచ్చినది ఫౌంటెన్. ఇది యాప్ కాదు, రాసే పద్ధతి. హాలీవుడ్ రచయిత జాన్ ఆగస్ట్, స్టూ మాష్విట్జ్, మరికొందరు కలిసి 2012లో బయటపెట్టారు. మామూలు టెక్స్ట్ ఫైల్‌లో రెండు మూడు చిన్న గుర్తులతో రాసుకుపోతే, ఫౌంటెన్ తెలిసిన ఏ యాప్ అయినా దాన్ని స్క్రీన్‌ప్లేగా అమర్చి చూపిస్తుంది. నోట్‌ప్యాడ్‌లో రాయొచ్చు, ఫోన్‌లో రాయొచ్చు, వాట్సాప్‌లో పంపొచ్చు.

తెలుగువాళ్లు ఇక్కడ ఒక చిక్కు గమనించాలి. ఫౌంటెన్ పాత్ర పేరును ఎలా గుర్తుపడుతుంది? లైను మొత్తం క్యాపిటల్ లెటర్లలో ఉంటే అది పేరు అనుకుంటుంది. తెలుగులో చిన్నక్షరాలు, పెద్దక్షరాలు ఎక్కడున్నాయి? అందుకే కొత్తగా ప్రయత్నించినవాళ్లు డైలాగులన్నీ యాక్షన్‌లో కలిసిపోవడం చూసి “ఇది తెలుగుకు పనిచేయదు” అని వదిలేస్తారు. కొన్ని యాప్‌లలో దీనికి రివర్స్ జరగొచ్చు. లైనును పెద్దక్షరాల్లోకి మార్చి చూసి, తేడా లేకపోతే పేరే అనుకునే యాప్‌కు ప్రతి తెలుగు లైనూ పేరులాగే కనిపిస్తుంది.

మందు ఫౌంటెన్ రూల్స్‌లోనే ఉంది. పేరు ముందు @ పెడితే అది పాత్ర పేరు. లైను ముందు చుక్క పెడితే సీన్ హెడింగ్. ! పెడితే యాక్షన్. మన సినిమాకు ముఖ్యమైనది ఇంకోటి, లైను ముందు ~ పెడితే పాట. ఇలా ఉంటుంది:

.విద్యానగర్ స్టేషన్, ప్లాట్‌ఫాం - రాత్రి

!చివరి ఎంఎంటీఎస్ వెళ్లిపోయింది. బెంచీ మీద మౌనిక ఒక్కతే. రాజు పరుగెత్తుకుంటూ వస్తాడు.

@మౌనిక
(ఫోన్ మీంచి కళ్లెత్తకుండా)
రైలు వోయింది. నువ్వు ఇంక వస్తనే ఉన్నవా?

@రాజు
జామై ఉస్మానియా కాడ దిగి ఉరికొచ్చిన. ఫోన్ ఎత్తవేంది?

అంతే. ఇది పదేళ్ల తర్వాత ఏ మెషీన్‌లో తెరిచినా చదవడానికి వస్తుంది. చూడటానికి మ్యాక్‌లో బీట్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ యాప్ ఉంది. ఆండ్రాయిడ్‌లో జాటర్‌ప్యాడ్ ఫౌంటెన్‌ను అర్థం చేసుకుంటుంది. ఫైనల్ డ్రాఫ్ట్ ఫైల్ కావాలని ఏ ప్రొడక్షన్ ఆఫీసైనా అడిగితే, ఫౌంటెన్ నుంచి మార్చి ఇచ్చే టూల్స్ ఉన్నాయి. అంటే ముందు రాయండి, ఫార్మాట్ సంగతి అడిగినప్పుడు చూసుకోవచ్చు.

మన పక్క నుంచి వచ్చినది: స్క్రైట్

మార్కర్లు, గుర్తులు నా వల్ల కాదు, నాకు బొమ్మలతో ఉన్న యాప్ కావాలి అంటారా? బెంగళూరు వాళ్లు టెరిఫ్లిక్స్ తయారుచేసిన స్క్రైట్ చూడండి. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలో నడుస్తుంది. సోర్స్ కోడ్ ఓపెన్‌గా ఉంది. తెలుగుతో సహా చాలా భారతీయ భాషలను మొదటి నుంచీ లెక్కలో పెట్టుకుని కట్టారు. ఒక లైను ఇంగ్లిష్, మరో లైను తెలుగు రాయాలంటే అందులోనే భాష మార్చుకోవచ్చు. సీన్లను కార్డుల్లా పరిచి అటూ ఇటూ జరిపే కాన్వాస్ కూడా ఉంది. ఇంటర్వెల్ బ్లాక్ ఎక్కడ పడాలో తేలక కొట్టుకునేవాళ్లకు అది చాలా ఉపయోగం.

లోపాలు? ఫోన్ వాళ్లకు కాదు, ల్యాప్‌టాప్ ఉండాలి. మొదటిసారి తెరిస్తే స్క్రీన్ నిండా బటన్లు చూసి కొంచెం భయమేస్తుంది. ప్లాన్లు, ధరలు మారుతుంటాయి, డౌన్‌లోడ్ చేసేముందు సైట్‌లో చూసుకోండి. అయినా “తెలుగు కూడా పనిచేస్తుంది” అనే సాఫ్ట్‌వేర్‌కూ, తెలుగులో రాస్తారని ముందే ఊహించి చేసిన సాఫ్ట్‌వేర్‌కూ తేడా అరగంటలో తెలిసిపోతుంది.

పది నిమిషాల పరీక్ష

ఇక్కడ నేను చెప్పని సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. రైటర్‌డ్యూయెట్, ఆర్క్ స్టూడియో, ఫేడ్ ఇన్, ఇంకా రేపు వచ్చేవి. అన్నిటికీ ఒకే పరీక్ష పెట్టండి. ట్రయల్ వెర్షన్ చాలు.

మొదట కష్టమైన మాటలు టైప్ చేయండి: స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, కర్ర, వస్తడు, పెళ్లి. వత్తులు అక్షరం కిందే పడుతున్నాయా, పక్కకు జరుగుతున్నాయా చూడండి. ట్రెల్బీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పేరు పాత లిస్టుల్లో కనిపిస్తుంటుంది. దాని పాత వెర్షన్లు అసలు యూనికోడే తీసుకోవు. తెలుగు సంగతి అక్కడే తేలిపోతుంది.

రెండోది ‘సాఫ్ట్‌వేర్’, ‘ప్లాట్‌ఫాం’ లాంటి మాటలు. వీటి మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటుంది. ‘ట్’ను, ‘వే’ను అతుక్కోకుండా విడదీసేది అదే. కొన్ని యాప్‌లు సేవ్ చేసేటప్పుడు దాన్ని తీసేస్తాయి, మాట ముద్దయిపోతుంది. మన డైలాగుల్లో సగం ఇంగ్లిష్ మాటలే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఇదే కనిపించని అక్షరం ఇంకో తమాషా చేస్తుంది. పాత్ర పేరు ‘కిరణ్’ అని ఒకసారి దానితో, ఒకసారి అది లేకుండా టైప్ చేస్తే, సాఫ్ట్‌వేర్ ఇద్దరు కిరణ్‌లు ఉన్నారనుకుంటుంది. రిపోర్ట్‌లో ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే కారణం అదే కావచ్చు. పేరును ఒకసారి టైప్ చేసి, తర్వాత ఆటో కంప్లీట్‌లోంచే తీసుకోండి.

మూడోది పీడీఎఫ్. ఎక్స్‌పోర్ట్ చేసి మీ ఫోన్‌లో కాదు, తెలుగు ఫాంట్లు ఏవీ వేసుకోని వేరేవాళ్ల మెషీన్‌లో తెరవండి. డబ్బాలు కనిపిస్తే ఫాంట్ అందులో ఎక్కలేదని అర్థం. మండలి, నోటో సెరిఫ్ తెలుగు లాంటి ఉచిత ఫాంట్లు డైలాగు చదవడానికి బాగుంటాయి, వాటితో మళ్లీ ప్రయత్నించండి. చివరగా, ఫైల్ మొత్తం మామూలు టెక్స్ట్‌గా బయటికి తీసి చూడండి. తెలుగు అలాగే ఉంటే పాస్.

టెక్స్ట్‌గా తీయడం మీద ఎందుకంత పట్టు? రెండు పాత అనుభవాలు మనందరి ముందూ ఉన్నాయి. సెల్టెక్స్ ఒకప్పుడు డెస్క్‌టాప్‌లో ఉచితంగా దొరికేది, ఓపెన్ సోర్స్ కూడా. తర్వాత అది ఆన్‌లైన్ సబ్‌స్క్రిప్షన్ దారి పట్టింది. కంపెనీ దారి మార్చుకోవడం దాని హక్కు, కానీ మీ కథ ఆ కంపెనీ ఫార్మాట్‌లో ఇరుక్కుంటే నష్టం మీది. రెండోది అను ఫాంట్లు. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి తెలుగంతా వాటిలోనే కొట్టారు. ప్రింట్ అందంగా వస్తుంది, కానీ అది యూనికోడ్ కాదు. ఆ ఫాంట్ లేని చోట ఫైల్ తెరిస్తే పిచ్చి ఇంగ్లిష్ గుర్తులు కనిపిస్తాయి, వెతికితే ఒక్క మాట దొరకదు. ఇంట్లో ఎవరిదైనా పాత నాటకం, పాత కథ అలా సీడీలో పడి ఉంటే, కన్వర్టర్‌తో ఇప్పుడే యూనికోడ్‌లోకి మార్చిపెట్టండి. పీడీఎఫ్ కూడా భద్రత కాదు. తెలుగు పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే చాలాసార్లు అక్షరాలు చెదిరిపోతాయి. పంపడానికి పీడీఎఫ్, దాచుకోవడానికి టెక్స్ట్.

టైపింగ్ సంగతి

“తెలుగు టైపింగ్ స్లో భయ్యా” అనేది అందరూ చెప్పే సాకు. ఫోన్‌లో జీబోర్డ్ ఉంటే, ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతి మీకు ఇప్పటికే తెలుసు. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి తెలుగు ఫోనెటిక్ కీబోర్డ్ సిస్టమ్‌లోనే ఉంది, వేరే ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. బ్రౌజర్‌లో అయితే లేఖిని ఎప్పటినుంచో ఉంది. రోజూ రాసేవాళ్లు రెండు మూడు వారాలు ఓపిక పట్టి ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుంటే ఇంకా మంచిది. అందులో ఏ సజెషన్ మీద ఆధారపడక్కర్లేదు, మీరు కొట్టిందే పడుతుంది.

సజెషన్ల విషయంలో మాత్రం జాగ్రత్త. కీబోర్డు మీకు సాయం చేస్తున్నట్టే చేస్తూ, ‘వస్తడు’ అని కొడితే ‘వస్తాడు’ అని ముందుకు తోస్తుంది. వాయిస్ టైపింగ్ కూడా అంతే, యాసలో మాట్లాడితే పుస్తకాల తెలుగులోకి దిద్దుతుంది. యాక్షన్ లైన్లకు వాయిస్ భేషుగ్గా పనికొస్తుంది. డైలాగులు మాత్రం వేళ్లతోనే కొట్టండి. మీ పాత్రలు ఎక్కువగా వాడే మాటల్ని కీబోర్డు పర్సనల్ డిక్షనరీలో చేర్చుకోండి. గంట పని, సినిమా అయ్యేదాకా సుఖం.

తార్నాకలో ఆటో ఎక్కితే డ్రైవర్‌తో ఒక భాష, పక్క సీటు అమ్మతో ఒక భాష, ఫోన్‌లో మేనేజర్‌తో ఒక భాష. హైదరాబాద్ సీన్ రాస్తే “నక్కో”, “కైకు” కూడా పడాలి. వీటన్నిటినీ తెలుగు లిపి హాయిగా మోస్తుంది. చదివేవాడు తడబడడు.

నా తీర్పు

మొదటి షార్ట్ ఫిల్మ్ అయితే గూగుల్ డాక్స్‌లో రెండు గడుల టేబుల్, లేదా ఫోన్‌లో ఫౌంటెన్. ఖర్చు సున్నా. ఫీచర్ ఫిల్మ్ కథ మొదలుపెట్టి, 60, 70 సీన్లు సర్దుకోవాల్సి వస్తే స్క్రైట్. బయటి రాష్ట్రం యూనిట్‌తో, ఓటీటీ కంపెనీతో పని పడి, వాళ్లు ఫలానా ఫైలే కావాలంటే అప్పుడు ఫైనల్ డ్రాఫ్ట్, అదీ వీలైతే వాళ్ల డబ్బుతో. ఏది వాడినా అసలు ప్రతి తెలుగు లిపిలో, యూనికోడ్‌లో, మామూలు టెక్స్ట్‌గా మీ దగ్గర, రెండు చోట్ల.

“హాలీవుడ్ ఫార్మాట్‌లో ఇవ్వకపోతే ప్రొఫెషనల్‌గా అనిపించదు” అని నాతో వాదించేవాళ్లున్నారు. నిర్మాత ఆఫీసులో మొదటి పేజీ చక్కగా కనిపించాలన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ మార్జిన్లు ఏ ఉచిత యాప్ అయినా వేసిపెడుతుంది. పాత్ర నోట్లోంచి వచ్చే మాట ఏ ఊరిదో మీరు తప్ప ఎవరూ వేయలేరు.

నేను రోజూ దాటే ఈ క్యాంపస్ ఉస్మానియాది. ఆ యూనివర్సిటీ 1919లో పాఠాలు మొదలుపెట్టినప్పుడు బోధన ఉర్దూలో. సైన్స్‌కు, చట్టానికి ఆ భాషలో మాటలు చాలకపోతే, అనువాదానికి ఒక విభాగమే పెట్టుకుని మాటలు పుట్టించుకున్నారు. ఆ విధానం బాగోగుల చర్చ వేరే. ఒక భాషలో పని జరగాలని గట్టిగా అనుకుంటే పనిముట్లు తర్వాత వస్తాయన్నది మాత్రం నిజం. మనకు పనిముట్లు ముందే వచ్చేశాయి, జేబులోనే ఉన్నాయి. ఈ రాత్రికి ఒక సీన్ రాయండి. అందులో ఎవరో ఒకరు “వస్తడు” అనాలి. రేపు దాన్ని మీ ఊరి యాస తెలియని ఫ్రెండ్ చేతికిచ్చి చదవమనండి. అతను దీర్ఘం తీయకుండా చదివితే, మీరు వాడిన సాఫ్ట్‌వేర్ పేరేదైనా సరే, అది మంచిదే.